కూపన్లకో మంగళవారం

కొండేపూడి పురపాలక సంఘం వారు ఆషాఢమాసం ఆఖరి వారంలో మంగళవారం తర్వాత మళ్ళీ మంగళవారాన్నే సరఫరా చేశారు; బుధవారం ఒక రోజు ఆలస్యంగా వస్తుందని ముందుగానే దండోరా వేయించారు. ఊళ్ళో ఎవరూ గొడవ చెయ్యలేదు. పాలాయన మంగళవారం పాలు పోశాడు, మర్నాడు కూడా మంగళవారం పాలే పోశాడు. గోడకి క్యాలెండరున్న ఇళ్ళలో ఆ గడి పక్కన పెన్సిలుతో ఇంకో గడి గీసుకున్నారు.

కొండేపూడిలో రోజుల్ని మునిసిపాలిటీ వాళ్ళే వదులుతారు. నీళ్ళు వదలరూ, అలాగే. జనన మరణాల రిజిస్టర్లుండే గదికి వెనక రోజుల సరఫరా విభాగం ఉంది. తెల్లారుజామున నాలుగున్నరకి కనకయ్య అనే ఉద్యోగి పొడుగాటి ఇనప చువ్వతో వాల్వు తిప్పితే తూర్పు వార్డులతో మొదలై వీధి వీధికీ పొద్దు చేరుతుంది. చివరి వార్డులకి పొద్దు ఆలస్యంగా అందుతుంది, సాయంత్రం తొందరగా అయిపోతుంది. ఆ వార్డుల వాళ్ళు ఏటా అర్జీ పెడతారు. ఏటా ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబొస్తుంది. ఇందులో వింతేమీ లేదు, ఏ ఊళ్ళోనైనా ఇంతే.

ఇక రెండో మంగళవారం ఎందుకు కావలసొచ్చిందంటే, పాలెపు సోమలింగం వల్ల.

సోమలింగం రైస్ మిల్లులో కాటా గుమాస్తా. ఆయనకి తగ్గింపు ధరంటే ప్రాణం అని చెప్పడం ఆయన్ని తక్కువ చెయ్యడమే. ప్రాణం ఒక్కటే ఉంటుంది. ఆషాఢం తగ్గింపుల్లో తప్ప చొక్కా గుడ్డ కొనడు. నాలుగు సబ్బులకి ఒక మగ్గు ఉచితమని సబ్బులు కొనీ కొనీ ఆయన ఇంట్లో నలభై ఒక్క మగ్గులున్నాయి, స్నానాలగది మాత్రం ఒకటే. ఓసారి డాక్టరు దగ్గర ఒక ఇంజెక్షనుకి రెండోది ఉచితమా అని అడిగాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అది ఉత్త అబద్ధం. ఆయన అడిగింది పళ్ళ డాక్టర్ని. ఆ డాక్టరు మంచివాడు, ఇచ్చాడు కూడా. కుడివైపు పై వరసలో పక్కపక్కనే ఉన్న రెండు ఖాళీల్నీ సోమలింగం నవ్వినప్పుడల్లా చూడొచ్చు.

ఆయన భార్య వెంకాయమ్మ. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. మామగారికి, మొగుడికి, మరిదికి, ఇద్దరు కొడుకులకి వండి వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాక గిన్నెల్లో మిగిలింది తన కంచంలోకి ఒంపుకుని వంటింటి గడప దగ్గర కూర్చుని తింటుంది. మిగలకపోతే పచ్చడీ మజ్జిగా ఉండనే ఉన్నాయి. రొయ్యల ఇగురు ఆమె చేసినట్టు ఆ వీధిలో ఎవరూ చెయ్యలేరు. అందుకే ఆమె వాటాకి ఎప్పుడూ రొయ్య రాలేదు, ఇగురంటిన మూకుడొచ్చేది. అందులో నాలుగు ముద్దలన్నం కలుపుకునేది. చుట్టాల పెళ్ళిళ్ళలో సైతం “వెంకాయమ్మ వడ్డిస్తేనే పంక్తికి అందం” అని ఆమె చేతికే గరిటె ఇచ్చేవారు. ఆఖరికి ఆమె పెళ్ళినాడు కూడా, పీటల మీంచి లేచేసరికి పంక్తులన్నీ అయిపోయి వంటవాళ్ళు గుండిగలు తోముతున్నారు.

ఆషాఢం మూడో వారంలో ఒక మధ్యాహ్నం మొగుడికి చారు పోస్తూ ఆమె ఒక మాటంది.

“ఏవండీ, నన్నో కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నాకే వడ్డించి, ఇంకేం కావాలమ్మా అని ఎవరన్నా అడిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుందండీ.”

సోమలింగం కలుపుతున్న అన్నం ఆపాడు. “అంతేనా?”

“అంతే.”

“ఆషాఢం వెళ్ళేలోగా చూపిస్తాను.”

ఆషాఢం వెళ్ళేలోగా అని ఎందుకన్నాడంటే, శ్రావణం వచ్చిందంటే వెంకాయమ్మ నెల్లాళ్ళు నీచు ముట్టదు. ముట్టించేది రొయ్యలేనని ఆయన అప్పుడే నిశ్చయించుకున్నాడు.

కాలవ వంతెన పక్కన హోటల్ మహాతృప్తి ఉంది. యజమాని జంపన రామభద్రరాజు, మర్యాద మనిషి. సరిగ్గా ఆ వారమే ఆయన ఆషాఢం గిఫ్ట్ కూపన్లు వేశాడు. వెయ్యి రూపాయల భోజనం నాలుగు వందలకి. బంతిపువ్వు రంగు కాగితం, బంగారు అంచు, మధ్యలో మీసాలు పైకి తిరిగిన ఇంత పొడుగు రొయ్య బొమ్మ. ఊరంతా వరస కట్టి మూడు వేల రెండు వందల కూపన్లు కొన్నది. సోమలింగం రెండు కొన్నాడు. రెండు కొంటే మూడోది ఉచితమా అని అడిగాడు. మూడోది లేదుగానీ గుడ్డ సంచి ఇస్తామన్నారు. సంచి తీసుకున్నాడు.

కొన్నవాళ్ళంతా ధర చూశారు, రొయ్యని చూశారు. తిప్పి చూసింది ఒక్క వెంకాయమ్మే.

“వెనకాల ఏదో రాసుందండీ, తోక కింద.”

“ఏం రాసుంది?”

“ఈ కూపను మంగళవారం పగలు పన్నెండు నుంచి మూడు వరకు మాత్రమే చెల్లును. ఆషాఢం వెళ్ళిన తర్వాత చెల్లదు.”

సోమలింగం కూపను లాక్కుని తనే చదివాడు. ఆయన చదివినా అదే ఉంది.

మంగళవారం ఆంజనేయస్వామిది. ఆ రోజు కొండేపూడిలో నీచు తినేవాళ్ళు లేరు. అది ఎంత గట్టి ఆచారమంటే, మంగళవారాలు కోళ్ళు నడిరోడ్డు మీద తలెత్తుకుని తిరుగుతాయి, చేపల బజారులో పిల్లులు పెరుగన్నంతో సరిపెట్టుకుంటాయి. పోనీ శాకాహారం తిందామా అంటే మహాతృప్తిలో శాకాహారమంటే గుండ్రంగా కోసిన ఉల్లిపాయ ముక్కలూ, నిమ్మచెక్కా. మంగళవారాలు ఆ హోటల్లో పొయ్యి వెలగదు, కుర్చీలు బల్లల మీదికెక్కి ఉంటాయి. ఆషాఢంలో ఇంక మిగిలింది ఒకే ఒక్క మంగళవారం.

సోమలింగం హోటలుకెళ్ళాడు.

“రాజుగారూ, ఏంటండీ ఈ మెలిక?”

“మెలికేముందండీ? మంగళవారం దయచెయ్యండి. గుమ్మంలో నేనే నిలబడి ఆహ్వానిస్తాను, ఆయ్.”

“మంగళవారం తినం కదండీ!”

“నేనూ తిననండి.”

“మరెవరు తింటారని వేశారండీ?”

“తినేవాళ్ళుంటే పెట్టాలనే వేశానండి. కూపను పట్టుకుని మనిషొచ్చాడంటే, మంగళవారమైనా సరే, పొయ్యి వెలిగించి పెడతాను. మాట తప్పే వంశం కాదండి మాది. మా బావగారు వాళ్ళ ఊళ్ళో పదేళ్ళుగా ఇస్తున్నారు ఈ కూపన్లు. ఒక్క మనిషి రాలేదండి. ఎంత బాధపడుతుంటారో.” రాజుగారి కళ్ళు నిజంగానే చెమర్చాయి. “మజ్జిగ తాగండి. డబ్బులొద్దు.”

ఉచితం గనక సోమలింగం తాగాడు. రెండో గ్లాసు కూడా తాగాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. వెంకాయమ్మ కూపన్లు రెండూ మడతపెట్టి పోపుల డబ్బా కింద పెట్టింది. “పోనిద్దురూ, సంచొచ్చిందిగా” అంది. ఆమె మామూలుగానే అంది. కానీ ఆ మాట సోమలింగానికి ఉచితంగా పీకిన పన్ను కంటే ఎక్కువ నొప్పెట్టింది. ఆ సాయంత్రం మిల్లులో ఒక లారీని రెండుసార్లు తూచాడు.

మర్నాడు పొద్దున్నే ఆంజనేయస్వామి గుడికెళ్ళాడు. అర్చకులు వరదాచార్యులు స్వామికి తమలపాకుల దండ గుచ్చుతున్నారు.

“ఆచార్యులుగారూ, మంగళవారం మీద స్వామివారికి ఎంతవరకు హక్కుందండీ?”

“పొద్దు పొడిచింది మొదలు మళ్ళీ పొద్దు పొడిచేదాకా.”

“ఎన్ని మంగళవారాల మీద?”

“వారానికి ఎన్నుంటాయయ్యా? ఒకటి.”

“రెండొస్తే?”

ఆచార్యులు చేతిలో ఆకు పట్టుకుని ఆలోచించారు. అడిగింది తప్పో ఒప్పో కాదు, శాస్త్రం ఏమిటన్నది ఆయన ఆలోచన. “దేవస్థానం వారు వారానికి ఒక్క దండకే ఆకులు మంజూరు చేశారు. రెండోదానికి దండుండదు. దండ లేని మంగళవారం స్వామిది కాదు. అది ఎవరిది వాళ్ళదే.”

“ఆ మాట రాసిస్తారా?”

రాసిచ్చారు. కింద సింధూరం ముద్ర కూడా వేశారు.

ఆ కాగితం పట్టుకుని సోమలింగం రోజుల సరఫరా విభాగానికెళ్ళాడు. అక్కడ గుమాస్తా తటవర్తి గౌరీపతి. ముప్పై ఏళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. వచ్చినవాళ్ళకేసి చూడకుండా మాట్లాడతాడు, అయినా పని మాత్రం ఆపడు.

“అదనపు రోజు కావాలండీ.”

“ఏ వారం?”

“మంగళవారం.”

“నిండుదా, పూటదా?”

“నిండుదే.”

“ఫారం పదకొండు నింపండి. వెనకవైపు కూడా నింపాలి.”

ఈసారి సోమలింగం కాగితాన్ని ముందే తిప్పి చదివాడు. మనిషికి ఒక్క దెబ్బ తగిలితే చాలు. వెనకవైపు ఇలా ఉంది: అర్జీదారునికి రాసియున్న రోజులలో ఆఖరిది తీసి కోరిన తేదీకి వేయబడును.

“ఆఖరి రోజంటే ఏదండీ?”

“ఆఖరిదే. వరస చివర ఉన్నది. కొత్త రోజులు తయారుచేసే వసతి జిల్లాలోనే లేదు. ఎవరి రోజు వాళ్ళే తెచ్చుకోవాలి.”

“మొత్తం మీద తగ్గుతుందా?”

“ఒక్క గంట తగ్గదు. అక్కడుండాల్సింది ఇక్కడికొస్తుంది, అంతే.”

సోమలింగం లోపల్లోపల తూకం వేసుకున్నాడు. అటు చివర్న, మంచం మీద, ఓపిక లేని ఒక రోజు. ఇటు వెయ్యి రూపాయల భోజనం నాలుగు వందలకి. “అయితే లాభమేగా. ఆఖర్న ఎలాగూ అరగదు.”

“అందరూ అదే అంటారు” అని గౌరీపతి ఫారం మీద ముద్ర వేశాడు. “ఒక్కరి కోసం వాల్వు తిప్పరు. ఊళ్ళో సగంమందికి పైగా సంతకాలు కావాలి. సగం దాటితే ఊరంతటికీ వదులుతారు.”

“సంతకం పెట్టనివాళ్ళకి?”

“వాళ్ళ ఆఖరి రోజు కూడా తీస్తారు. కాకపోతే వాళ్ళకి రసీదివ్వరు.”

సంతకాలకి సోమలింగం పెద్దగా తిరగక్కర్లేకపోయింది. మూడు వేల రెండు వందల కూపన్లు కొన్న ఊరది. బడ్డీ కొట్టు దగ్గర ఓ బల్ల వేసుకుని, గుడ్డ సంచిలో ఫారాలు పెట్టుకుని కూర్చుంటే జనమే వచ్చి పెట్టి వెళ్ళారు. రసీదు రానివాళ్ళ పరిస్థితి విన్నాక మిగతావాళ్ళూ పరిగెత్తుకొచ్చారు. ఎలాగూ పోయేదానికి రసీదన్నా ఉంటే మంచిదని.

పోస్టుమాస్టరు కామేశం ఒక్కడు కలం పట్టుకుని ఆగాడు. “సోమలింగంగారూ, ఆఖరి రోజున ఎవరితోనన్నా ఏదన్నా చెప్పుకోవాల్సి ఉంటుందేమోనండీ.”

“ఎవరితోనండీ?”

“ఏమో. మా ఆవిడతోనే అనుకోండి.”

“మంగళవారం చెప్పేద్దురూ. బిర్యానీ తింటూ చెబితే ఆవిడా శ్రద్ధగా వింటుంది.”

కామేశానికి అది నచ్చింది. సంతకం పెట్టాడు.

తొంభై మూడేళ్ళ బొక్కా వీరయ్యని మనవడి సైకిలు మీద కూర్చోబెట్టుకొచ్చారు. “ఒరే సోమలింగం, నా ఆఖరిది ఈ వచ్చే గురువారమే అనుకో. అప్పుడేం చేస్తావురా?”

“అది మంగళవారమే వచ్చేస్తుంది తాతా.”

“ఏమిటి తేడా?”

“గురువారం ఉండదు.”

“పోతే పోయింది. గురువారం మా కోడలికి ఉపవాసం, ఇంట్లో ఎవరికీ ఏమీ వండదు” అని వీరయ్య వేలిముద్ర గట్టిగా నొక్కాడు.

వెంకాయమ్మ పిండి కలుపుతున్న చేత్తోనే సంతకం పెట్టింది. ఏమి రాసుందని అడగలేదు, తిప్పి చూసిందని మాత్రం సోమలింగానికి గుర్తు.

పురపాలక సంఘం సమావేశంలో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. చైర్మన్‌గారి దగ్గర పదకొండు కూపన్లున్నాయి. చివరి వార్డుల సభ్యులు లేచి, ఈ అదనపు రోజైనా తమ వార్డులకి నిండుగా వదలాలని కోరారు. ‘పరిశీలనలో ఉన్నది’ అని అక్కడికక్కడే నోటితో జవాబిచ్చారు, కాగితం మిగిలింది.

దండోరా విన్న రాజుగారు గౌరీపతి దగ్గరికి వచ్చారు. “అయ్యా, నేను కూపను మీద వేయించింది మంగళవారం అనేనండి. రెండో మంగళవారం అని కాదండి.”

“మొదటి మంగళవారం అని వేయించారా?”

“లేదండి.”

“అయితే రెండూ మంగళవారాలే.”

 రాజుగారు కండువా సర్దుకుని, “మాట తప్పే వంశం కాదండి మాది” అని తనకి తనే చెప్పుకుంటున్నట్టుగా చెప్పి, తిన్నగా రొయ్యల చెరువులకెళ్ళి మూడు లారీలు మాట్లాడుకున్నారు.

మొదటి మంగళవారం స్వామివారికి దండపడింది. ఊరంతా ముద్దపప్పు తిని పడుకుంది.

రెండో మంగళవారం నాలుగున్నరకే వదిలారు. నిద్రలేచేసరికి ఊళ్ళో అందరి నోట్లోనూ తులసి తీర్థం రుచి. మునిసిపాలిటీ వారు దానికీ ముందే నోటీసు అంటించారు: ‘ఈ రోజు నిల్వలోంచి తీసినది అగుటచే మొదటి గంట తులసి వాసన వచ్చును. ఆందోళన పడక నోరు పుక్కిలించి వాడుకొనవలెను.’ అందరూ పుక్కిలించారు. వెలుతురు కాస్త పల్చగా ఉంది. ఎప్పుడూ దగ్గనివాళ్ళు కొందరు దగ్గారు. బడిపిల్లలు మెట్లెక్కుతూ మోకాళ్ళు పట్టుకున్నారు. కొన్ని ఇళ్ళలో తెల్లారుతూనే ఫోన్లు మోగాయి, దూరాన ఉన్న చుట్టాలు ఎందుకో తెలియకుండానే బయల్దేరామన్నారు. వాళ్ళు దిగిన రైలు ప్లాట్‌ఫారం మీద మాత్రం బుధవారమే ఉంది, ఎందుకంటే స్టేషను మునిసిపాలిటీ కిందికి రాదు. గేటు దాటి ఒక్క అడుగేస్తే మంగళవారం. ఎనిమిదింటికల్లా వాసన పోయింది, రోజు మామూలుగా పనిచేసింది.

పదకొండున్నరకి మహాతృప్తి ముందు వరస వంతెన దాటి మిల్లు దాకా సాగింది. బ్యాండు మేళం వాళ్ళు పిలవకుండానే వచ్చి వాయించారు, వాళ్ళ చేతుల్లోనూ కూపన్లున్నాయి. రాజుగారు చెప్పినట్టే గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టి లోపలికి పంపారు. సోమలింగాన్ని చూసి మాత్రం కాస్త ఎక్కువ వంగారు. ఓడినవాడి మర్యాద గెలిచినవాడి మర్యాద కంటే చూడముచ్చటగా ఉంటుంది.

వెంకాయమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. కుర్చీలో కూర్చున్నాక రెండుసార్లు లేచింది. ఒకసారి పక్కబల్ల వాళ్ళకి నీళ్ళందించడానికి, ఒకసారి కిందపడ్డ చెంచా తియ్యడానికి. సోమలింగం చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అప్పుడు దుర్గారావనే మీసాల సర్వరు వచ్చి, ముందు ఆమె ఆకులోనే అన్నం పెట్టి, రొయ్యల ఇగురు వడ్డించాడు. రొయ్యలు పద్నాలుగు. ఆమె లెక్కపెట్టింది. ఒకటి తీసి సోమలింగం ఆకులో వెయ్యబోయింది.

“నాకూ వేస్తారు. నువ్వు తిను.”

తిన్నది. మొదటిది చాలాసేపు నమిలింది. దుర్గారావు మళ్ళీ వచ్చి వంగి, “ఇంకేం కావాలమ్మా?” అన్నాడు.

వెంకాయమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆయన వినపడలేదనుకుని కాస్త గట్టిగా అడిగాడు. “ఇంకేం కావాలమ్మా?”

“ఇంకోసారి అడుగు నాయనా” అందామె.

దుర్గారావు సోమలింగం కేసి చూశాడు. సోమలింగం అడగమన్నట్టు తలాడించాడు. ఆయన పదకొండుసార్లు అడిగాడు. చుట్టుపక్కల బల్లల్లో ఆడవాళ్ళు తినడం ఆపి విన్నారు. పదకొండోసారికి వెంకాయమ్మ కళ్ళు తుడుచుకుని, “కాస్త పెరుగు” అంది.

బిల్లు రెండు వేలు వచ్చింది. రెండు కూపన్లతో సరిపోయింది. పన్నెండు వందల రూపాయలు మిగిలాయని సోమలింగం బల్ల మీద నిలబడి ప్రకటించాడు. హాలు చప్పట్లతో మార్మోగింది. ఆ సాయంత్రమే ఊరివాళ్ళు ఆయన్ని రిక్షాలో ఊరేగించి చైర్మన్‌గారి చేత శాలువా కప్పించారు. శాలువా మీద ఆషాఢం తగ్గింపు చీటీ ఇంకా వేలాడుతోంది. దాన్ని తియ్యొద్దని సోమలింగమే కోరాడు. బొక్కా వీరయ్య ఇగురు మూడుసార్లు వేయించుకున్నాడు, బుధవారం పొద్దుగూకే వేళకి అరుగు మీద కూర్చుని త్రేన్చి హాయిగా వెళ్ళిపోయాడు. ఆయనకి గురువారం రాలేదు. కోడలు ఎలాగూ ఉపవాసం ఉండేదేనని ఎవరికీ పెద్ద తేడా తెలియలేదు. కామేశం భార్యతో చెప్పాలనుకున్నది బిర్యానీ వేడిలో మర్చిపోయాడు.

అప్పట్నుంచి కొండేపూడి ఒక రోజు వెనక నడుస్తోంది. పేపరు రేపటిది వస్తోంది. మొదట్లో జనం ఎగబడి చదివారుగానీ, రేపటి వార్తలూ నిన్నటి వార్తల్లాగే ఉండడంతో మానేశారు. తేడా ఎందుకొచ్చిందో సంజాయిషీ ఇమ్మని జిల్లా నుంచి ఉత్తరమొచ్చింది. అది పరిశీలనలో ఉంది.

రాజుగారు మూడు లారీల రొయ్యలకి బాధపడతారని అందరూ అనుకున్నారు. ఆయన రెండు రోజులు పడ్డారు కూడా. మూడో రోజు కొత్త కూపన్లు వేశారు. భాద్రపదం నుంచి చెల్లుబాటు. వెయ్యి రూపాయల భోజనం మూడు వందలకే. ఈసారి షరతు దాచలేదు, రొయ్య బొమ్మ పైనే పెద్ద అక్షరాలతో వేశారు: ‘రెండో మంగళవారం మాత్రమే చెల్లును. రోజు ఎవరిది వారే తెచ్చుకొనవలెను.’ పొద్దున పదింటికి అమ్మకం మొదలుపెడితే పదకొండున్నరకి అయిపోయాయి. సోమలింగం నలభై కొన్నాడు. ఈసారి రెండు సంచులిచ్చారు.

మర్నాడు వెంకాయమ్మ అందరికీ వడ్డించి, గిన్నెలు తోమి, ఆ సంచుల్లో ఒకటి చంకన పెట్టుకుని ఒక్కతే మునిసిపాలిటీకి వెళ్ళింది. రోజుల సరఫరా విభాగం ముందు అప్పటికే ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. ఆమెని చూసి అందరూ జరిగి ముందుకు దారిచ్చారు. మొట్టమొదట పదకొండుసార్లు అడిగించుకున్న మనిషన్న గౌరవం అది.

“గౌరీపతిగారూ, ఇలాంటి రోజులు ఎన్ని తెప్పించుకోవచ్చండీ?”

“ఉన్నన్ని” అన్నాడు గౌరీపతి తలెత్తకుండా.

“నా రిజిస్టరు ఓసారి చూడండి. చివర్నించి చూడండి. నేను వంట చెయ్యని రోజు ఎక్కడన్నా ఉందా?”

అది ఆయన్ని ఇంతకుముందు ఎవరూ అడగలేదు. రిజిస్టరు దించి, దుమ్ము దులిపి, చివర్నించి ఒక్కో పేజీ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. వెనక వరసలో ఎవరూ తొందరపెట్టలేదు.

“లేదమ్మా. వచ్చేసిన ఆ ఆఖరి రోజు పొద్దున కూడా మినప్పప్పు నానబోసినట్టే రాసుంది.”

“ఎవరికండీ?”

“మర్నాటికి.”

“సరే అయితే” అని వెంకాయమ్మ సంచిలోంచి తన వాటా ఇరవై కూపన్లు తీసి బల్ల మీద పెట్టింది. “ఇరవై రాయండి.”

గౌరీపతి ముప్పై ఏళ్ళలో మొదటిసారి వచ్చిన మనిషి మొహంలోకి చూశాడు. “అమ్మా, నేను చెప్పకూడదుగానీ చెబుతున్నాను. ఇలా చివర్నించి తెచ్చుకుంటూ పోతే ఆఖర్న మీకేమీ మిగలదండీ.”

“మిగిలిందంతా ఇరవై నాలుగేళ్ళుగా నేనే తింటున్నానండీ” అంది వెంకాయమ్మ. “ఈసారి ఏమీ మిగల్చకండి.”

గౌరీపతి ముద్ర వేసి, తర్వాతి ఆవిడని పిలిచాడు.